జిల్లా పేజీ, సంఘం రేడియో, యూట్యూబ్ ఛానెల్: పల్లె వార్తకు ఏది మేలు?

ఒక ఊరిలో ఉపాధి హామీ కూలి డబ్బులు మూడు నెలలుగా పడలేదనుకుందాం. ఆ సంగతి దినపత్రిక జిల్లా పేజీలో రావడం మేలా, ఊరివాళ్లే నడుపుకునే సముదాయ రేడియోలో వినిపించడం మేలా, యూట్యూబ్‌లో ఒక స్వతంత్ర పాత్రికేయుడు చూపించడం మేలా? ప్రధాన స్రవంతి మాధ్యమాలు, ప్రత్యామ్నాయ మాధ్యమాలు అనే పెద్ద చర్చను నేను ఎప్పుడూ ఈ చిన్న ప్రశ్న దగ్గరి నుంచే ఆలోచిస్తాను.

ముందుగా జిల్లా పేజీ. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు' 1989లో జిల్లాకొక టాబ్లాయిడ్ ఇవ్వడం ప్రారంభించాక, మిగిలిన తెలుగు పత్రికలూ అదే దారి పట్టాయి. అంతకుముందు అచ్చులో ఎన్నడూ కనిపించని మండలాల పేర్లు, ఊళ్ల పేర్లు రోజూ కనిపించసాగాయి. కలెక్టరేటులో ఉదయాన్నే చదివేది ఈ పేజీలనే కాబట్టి, కూలి బకాయి వార్త ఇక్కడ పడితే సంబంధిత అధికారిని ఎవరో ఒకరు సంజాయిషీ అడుగుతారు. పైగా విలేకరికీ పాఠకుడికీ మధ్య వార్తను సరిచూసే డెస్క్ ఉంటుంది; 'ఈ మాట ఎవరు చెప్పారు, అవతలివారి వివరణ ఏది' అని అడిగే ఒక ఉపసంపాదకుడు ఉంటాడు. ఆ అడిగే మనిషి విలువ ఆయన లేని చోటికి వెళ్లి చూస్తే గాని తెలియదు.

అయితే ఆ వార్త రాసే కంట్రిబ్యూటర్, అంటే మండల స్థాయి విలేకరి, బతుకు ఎవరి మీద ఆధారపడి ఉంది? చాలా పత్రికల్లో అతనికి నెల జీతం లేదు. రాసిన దానికి కొలత ప్రకారం కొంత ముడుతుంది, దానితోపాటు ప్రకటనలూ చందాలూ తెచ్చే బాధ్యత మీద పడుతుంది. నేను కొంతకాలం ఒక మండలం నుంచి వార్తలు రాశాను. వాగులో ఇసుక తవ్వకాల గురించి రాసి పంపిన వారంలోనే, ఆ తవ్వకాలు చేయించే మనిషి దగ్గరికే పండుగ శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లవలసి వచ్చింది. ప్రకటన అచ్చయింది, వార్త కాలేదు. ఈ జబ్బు కింది స్థాయికే పరిమితం కాదు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకొని వార్తల రూపంలో ప్రచారం అచ్చువేసిన తీరుపై పాత్రికేయులు పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి 2010లో ప్రెస్ కౌన్సిల్‌కు నివేదిక ఇస్తే, కౌన్సిల్ దానిని కుదించి విడుదల చేసింది. పూర్తి పాఠం సమాచార హక్కు ద్వారా 2011లో గాని వెలుగు చూడలేదు. జిల్లా పేజీకి మరో పరిమితి కూడా ఉంది. శ్రీకాకుళం కష్టం శ్రీకాకుళం పేజీలోనే ఆగిపోతే అనంతపురం రైతుకు అది తెలియదు, ఇద్దరి కష్టమూ ఒకటేనన్న ఎరుకా కలగదు.

ఇంత చెప్పినా పెద్ద పత్రికను పక్కన పెట్టలేం. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమానికి ప్రేరణ అక్షరాస్యత వాచకంలోని పాఠం నుంచి వచ్చింది. నా దృష్టిలో ఆ వాచకం ప్రత్యామ్నాయ మాధ్యమమే. కాని 1992లో ఆ మంట ఊరూరా పాకడంలో 'ఈనాడు' విస్తారంగా ఇచ్చిన కథనాల పాత్రను కాదనలేం. అప్పటి ప్రభుత్వంతో పత్రికకు ఉన్న వైరమే అంత ఉత్సాహానికి కారణమన్న విమర్శ ఉన్నా, 1993 అక్టోబరు 1న సారా నిషేధం రావడానికి వాచకం ఒక్కటే చాలేది కాదు, పత్రిక ఒక్కటే అయినా చాలేది కాదు.

రెండవది సంఘం రేడియో. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు నడిపే ఈ కేంద్రం మాచ్నూర్ నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద 2008 అక్టోబరు 15న ప్రసారం ప్రారంభించింది. స్టూడియో అంతకు చాలా ఏళ్ల ముందే సిద్ధమైనా అనుమతి లేకపోవడంతో, రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపిస్తూ కాలం గడిపారు. ఇక్కడ జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు మాట్లాడేది ఆ పల్లెల్లో మాట్లాడే తెలుగే. కొర్రలు, సామలు, విత్తనం దాచే పద్ధతి, పండుగ పాట, పశువుల జబ్బు మాటల్లోకి వస్తాయి. చెప్పేవారూ వినేవారూ ఒకే పొలంలో పనిచేసేవారు. వారిని నడిపించిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. అదే సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినందున పత్రికలన్నీ ప్రత్యేక సంచికలు వేశాయి. అంతవరకు ఆ మాట ఆరకుండా కాపాడినవారు ఈ స్త్రీలు. పంట గురించి, భాష గురించి, జ్ఞాపకం గురించి నన్ను అడిగితే దీనికి సాటి వచ్చే మాధ్యమం మరొకటి లేదు. కాని దీని గొంతు పాతిక కిలోమీటర్లు దాటదు, హైదరాబాదులోని సచివాలయానికి వినపడదు.

యూట్యూబ్ సంగతి వేరు. ఒక ఫోనుతో మొదలవుతుంది, ఎల్లలు లేవు, ప్రకటనదారు కోపాన్ని పట్టించుకోనక్కర లేదు. యాజమాన్యం చేతులు మారుతున్న వేళ 2022 నవంబరులో ఎన్‌డీటీవీకి రాజీనామా చేసిన రవీశ్ కుమార్ సొంత ఛానెల్ ద్వారా హిందీ ప్రేక్షకులకు చేరగలగడం ఈ సౌకర్యం వల్లనే. అయితే ఆయన వెనుక దశాబ్దాల టీవీ అనుభవం ఉంది. పి. సాయినాథ్ కూడా అంతే. 'టైమ్స్ ఆఫ్ ఇండియా', 'ది హిందూ' వంటి పెద్ద పత్రికల్లో పల్లెల గురించి రాసి, 2014 డిసెంబరులో 'పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా' అనే పల్లె కథనాల వెబ్‌సైట్ ప్రారంభించారు. ఇప్పుడు అది తెలుగులోనూ వెలువడుతోంది. మంచి ప్రత్యామ్నాయంలో సగం పెద్ద పత్రికల డెస్కుల దగ్గర నేర్చిన విద్యే. ఆ శిక్షణ లేక, తప్పు దిద్దే మనిషీ లేక, వీక్షణల సంఖ్యే కూలిగా పనిచేసే ఛానెళ్లు మన రెండు రాష్ట్రాల్లో లెక్కకు మించి పెరిగాయి. వార్త వేస్తామని బెదిరించి డబ్బు అడుగుతున్నారన్న ఫిర్యాదులు వాటిమీదే ఎక్కువగా వింటున్నాం. ప్రకటనదారుడి నుంచి విముక్తి పొంది థంబ్‌నెయిల్‌కు బానిస అయితే పాఠకుడికి ఒరిగేదేమీ లేదు.

అందువల్ల నా తీర్పు వార్తను బట్టి మారుతుంది. అధికారిని రేపే కదిలించాలంటే జిల్లా పేజీ. ఇసుక తవ్వకం వంటి, జిల్లా పేజీ మింగేసే సంగతి అయితే, చందాదారుల డబ్బుతో నడుస్తూ ఆధారాలు చూపే స్వతంత్ర వేదిక. అలాంటి వేదికకు నేను నెల నెలా చందా కడతాను, దినపత్రికనూ మానలేదు. కూలి బకాయి విషయానికి వస్తే మాత్రం నా మొదటి ఓటు సంఘం రేడియోకు పడేది, ఎందుకంటే పనిచేసిన మనిషే, ఎన్ని రోజులు చేసిందో తన నోటితో చెప్పగల చోటు అది. అయితే ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినప్పటికీ, సముదాయ రేడియోకు స్వచ్ఛంద సంస్థలను అనుమతించిన 2006 విధానం వార్తలను, వర్తమాన వ్యవహారాలను నిషేధించింది. తరువాత ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించే వెసులుబాటు మాత్రమే కలిగింది. ప్రైవేటు టీవీ రోజంతా వార్తలు చెప్పవచ్చు, ఫోను ఉన్న ఎవరైనా చెప్పవచ్చు. మాచ్నూర్ స్టూడియోలో కూర్చున్న నర్సమ్మ మాత్రం తన ఊరి కూలి బకాయిని వార్తగా చదవడానికి వీలు లేదు.