కూలరా, ఇన్వర్టరా?

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో రెండూ ఉన్నాయి, రెండూ రిపేరువే. ఏ పార్టీ అయినా సరే, అధికారంలో ఉంటే అచ్చం మా కూలరే: మోత వీధి చివరిదాకా, గాలి మాత్రం ఎదురుగా కుర్చీ వేసుకున్నవాళ్లకే, నీళ్లు పోయాల్సింది మనం. అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి పోస్తూనే ఉన్నాం, మధ్యలో 2019లో మూడు రాజధానులని మూడు స్పీడ్ల బటన్ కూడా బిగించారు, ఏది నొక్కినా అదే ఉక్కపోత.

ప్రతిపక్షం ఇన్వర్టరు. కరెంటు ఉన్నంతసేపూ కుయ్ కుయ్, పోయాక పది నిమిషాలకే బ్యాటరీ డౌన్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లోనే సింగ్‌నగర్ మునిగినప్పుడు మాత్రం రెండూ కలిసి మోగాయి, తప్పు నీదంటే నీదని!

నన్నడిగితే కూలరే కాస్త నయం, ఎండలు తగ్గాక అటకెక్కించొచ్చు.