పెరోటిన్ నాలుగు గొంతుల ఆర్గానం: హిలియర్డ్ ఎన్సెంబుల్ రికార్డును ఏళ్ల తరబడి విన్నాక

పాల్ హిల్లియర్ నాయకత్వంలో ఇంగ్లండ్ గాయక బృందం హిలియర్డ్ ఎన్సెంబుల్ పాడగా, ఈసీఎం సంస్థ 1989లో విడుదల చేసిన ‘పెరోటిన్’ రికార్డును నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. పెరోటిన్ మధ్యయుగపు పారిస్ స్వరకర్త; పాత చర్చి గానపు వరుస మీద కొత్త గొంతులను అల్లే పద్ధతే ఆర్గానం. నోట్రడామ్ కెథడ్రల్ నిర్మాణం ఇంకా సాగుతున్న రోజుల్లో పారిస్‌లో రూపుదిద్దుకున్న బహుగళ సంగీతాన్ని వినదలచినవారికి నేను మొదట చెప్పే రికార్డు ఇదే. అయితే ఒకటి రెండు సార్లు విని దీనిపై తీర్పు చెప్పకూడదు.

మొదటి అంశం ‘విడెరుంట్ ఓమ్నెస్’ 11 నిమిషాలకు పైగా సాగుతుంది. మూలం క్రిస్మస్ నాటి దివ్యబలి పూజలో పాడే గ్రెగోరియన్ గానం, అంటే ఒకే వరుసగా సాగే పాత చర్చి గానం. టెనార్ గొంతు ఆ పాత వరుసలోని స్వరాలను ఒక్కొక్కటిగా పట్టుకొని చాలాసేపు నిలుపుతుంది. మిగిలిన మూడు గొంతులు దీర్ఘ హ్రస్వాల నడకలో దానిపై కదులుతాయి. కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవి ఆ నిలకడను తంబురా శ్రుతిగా తీసుకుంటుంది కానీ, తంబురా షడ్జం కచేరీ అంతా మారదు, ఇక్కడి ఆధార స్వరం మాత్రం మారుతుంది. అది మారిన క్షణాన పై గొంతుల్లో అంతవరకూ కలిసిపోయి వినిపించిన స్వరం పొసగకుండా పోవచ్చు, పొసగనిది కుదురుకోవచ్చు. ఈ రికార్డును మళ్లీ మళ్లీ వినడానికి నాకున్న ప్రధాన కారణం ఆ మలుపులే.

పై మూడు గొంతుల పరిధి దాదాపు ఒకటే కావడంతో, ఒకరు పాడిన చిన్న పలుకును మరుక్షణం ఇంకొకరు అందుకుంటారు. ఆ ఇంకొకరి పలుకు మొదటివారికి వస్తుంది. హెడ్‌ఫోన్లలో వింటే ఈ మార్పిడిని వెంబడించవచ్చు, మంచి స్పీకర్లలో వింటే ఎవరు పాడుతున్నారన్న ప్రశ్నే మరుగున పడుతుంది. రెండో పద్ధతే నాకు ఇష్టం. ఫోన్ స్పీకర్‌లో టెనార్ బలహీనపడి, పునాది లేని పాట మిగులుతుంది. సంగీత వాక్యాలు స్వరాల వైరుధ్యంతో మొదలైనా పంచమ, షడ్జాల మీదే ఆగుతాయి. గాంధారం మీద వాలే తరువాతి కాలపు తీపి కోసం వెతికితే దొరకదు.

1198లో పారిస్ బిషప్ ఓడో, జనవరి 1 పండుగలో పెచ్చుమీరిన అల్లరిని అదుపు చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో మూడు, నాలుగు గొంతుల ఆర్గానానికి అనుమతినిచ్చాడు. మరుసటి ఏడాది పునీత స్తెఫను పండుగకూ అదే వర్తింపజేశాడు. రికార్డులోని చివరి అంశం ‘సెడెరుంట్ ప్రిన్సిపెస్’ ఆ స్తెఫను పండుగకు చెందినదే. ఇది మొదటిదానికన్నా పొడవైనది. రెండింటినీ ఒకే విడతలో వింటే చెవి అలసిపోతుంది, కనుక నేను విడివిడిగానే వింటాను.

ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఉన్న పాత మఠపు చర్చి బాక్స్‌గ్రోవ్ ప్రయరీలో చేసిన రికార్డింగు ఇది. రాతి గోడల ప్రతిధ్వని ఉన్నా పదాల అంచులు చెరగలేదు. నా అసంతృప్తి గొంతుల నునుపు గురించే. మార్సెల్ పెరెస్ నడిపిన ఎన్సెంబుల్ ఆర్గానమ్ ఇదే నోట్రడామ్ సంప్రదాయాన్ని బరువైన గొంతులతో, గమకాలను తలపించే అలంకారాలతో పాడింది. అది విన్నాక హిలియర్డ్ గానం మరీ మర్యాదగా అనిపిస్తుంది. అయినా గొంతుల అల్లికను విడదీసి వినాలంటే ఈ నునుపే అక్కరకు వస్తుంది. కొత్తవారు ‘విడెరుంట్’ తర్వాత, మూడు గొంతుల ‘అల్లెలూయా నాటివిటాస్’ విని, ఆ పైన ‘సెడెరుంట్’కు వెళ్లడం మేలు.