కమ్యూనికేషన్, లిబరల్ స్టడీస్, నిర్వహణ: ఏడాది కోర్సుపై నా సమీక్ష

ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదువుకునేవారి కోసం ఒక కళాశాల నడుపుతున్న ఏడాది కోర్సును ఇటీవలే పూర్తి చేశాను. అందులో కమ్యూనికేషన్, లిబరల్ స్టడీస్ (తర్కం, తత్వం వంటి ఉదార విద్యలు), కార్యాలయ నిర్వహణ అని మూడు భాగాలున్నాయి. ఆరుగురి బృందాన్ని నడిపే బాధ్యత కొత్తగా మీద పడడంతో నేను మూడో భాగం కోసమే చేరాను. రెండో భాగాన్ని క్రెడిట్లు నింపడానికి పెట్టిన అదనపు బరువుగానే భావించాను. నా లెక్క పూర్తిగా తలకిందులైంది.

కమ్యూనికేషన్ భాగంలో మెచ్చుకోవలసినది రాతపని. వారానికొకసారి పేజీకి మించని నివేదిక రాసి ఇస్తే, అధ్యాపకురాలు దాని అంచున ‘ఇది చదివిన అధికారి ఇప్పుడేం చేయాలి?’ అని రాసి తిప్పి పంపేవారు. నేపథ్యమంతా ఏకరువు పెట్టి, అడగవలసినదాన్ని ఆఖరి వాక్యంలో దాచే అలవాటు నాకుందని అప్పుడే తెలిసింది. ఎదుటివారు చెప్పినదాన్ని ‘అవును, నేనన్నది అదే’ అని వారే ఒప్పుకునేలా తిరిగి చెప్పిన తరువాతే మన అభిప్రాయం చెప్పాలన్న అభ్యాసం చిన్నపిల్లల ఆటలా కనిపించింది గానీ, అందులో నేను వరుసగా మూడుసార్లు తప్పాను. ఇక వేదికపై మాట్లాడే అవకాశం ఏడాది మొత్తానికి ఒక్కొక్కరికి రెండుసార్లే వచ్చింది. అది ఏ మూలకూ చాలదు.

లిబరల్ స్టడీస్ అధ్యాపకుడు మధ్యయుగ ఐరోపా విశ్వవిద్యాలయాల్లో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం తొలి మూడు విద్యలుగా ఎందుకుండేవో వివరించి, అక్కడి నుంచి ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలోని పంచావయవ వాక్యానికి, అంటే ఐదు అంగాల వాదనకు, వచ్చారు. ప్రతిజ్ఞ (నిరూపించవలసిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ప్రస్తుత విషయానికి అన్వయించడం), నిగమనం (ముగింపు) అన్న ఆ ఐదింటితో, కొండ మీద పొగను చూసి నిప్పుందని నిరూపించే పాత వాదాన్ని విడదీసి చూపాక, మా కార్యాలయాల్లోని ప్రతిపాదనలను అలాగే విడదీయమన్నారు. సిబ్బందిని పెంచమని కోరుతూ నేను రాసిన దానిలో ప్రతిజ్ఞ, హేతువు ఉన్నాయి, ఒక్క ఉదాహరణ కూడా లేదు. అది ఎందుకు తిరస్కరణకు గురైందో నాకు ఏ అధికారీ ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఏ అంకె కనిపించినా ‘ఎవరు కొలిచారు, దేన్ని కొలిచారు?’ అని అడగడం కూడా ఆ తరగతిలోనే అలవాటైంది.

ఆ అలవాటే నిర్వహణ తరగతిలో ఇబ్బంది తెచ్చింది. మన సందేశంలో మాటల వాటా 7 శాతం, స్వరానిది 38, ముఖకవళికలది 55 అని ఒక స్లయిడ్‌లో చూపించారు. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చిన ఆ అంకెలు ఇష్టానిష్టాల వ్యక్తీకరణకే పరిమితమని, అన్ని రకాల సంభాషణలకూ వర్తించవని ఆయనే స్పష్టం చేశారు. ఈ మాట లేవనెత్తితే, పరీక్షలో మాత్రం స్లయిడ్‌లో ఉన్నట్టే రాయమని సమాధానం వచ్చింది. మనిషి అవసరాలు ప్రాథమికమైన వాటి నుంచి పైస్థాయి వాటికి మెట్లుగా ఉంటాయన్న మనస్తత్వవేత్త మాస్లో సిద్ధాంతాన్నీ పిరమిడ్ బొమ్మతోనే ముగించారు. ఆయన 1943 నాటి వ్యాసంలో ఆ బొమ్మే లేదు. బృందాలు ఏర్పడ్డాక ఘర్షణ దశను దాటి కుదురుకుంటాయన్న మనస్తత్వవేత్త టక్‌మన్ 1965 నాటి నమూనా ఒక్కటే నాకు అక్కరకొచ్చింది: మా బృందంలోని వాగ్వాదాలను నా చేతకానితనంగా చూసుకోవడం మానేశాను. అయితే పని సరిగా లేదని ఒక మనిషికి ముఖాముఖి ఎలా చెప్పాలన్న విషయానికి, అంటే నేను చేరిందే దేనికోసమో దానికి, ఒక్క తరగతి కేటాయించారు. అందులోనూ అభ్యాసం లేదు.

ఇలాంటి కోర్సులో చేరేవారు పాఠ్యప్రణాళిక కన్నా ముందు, దిద్దిన పాత అసైన్‌మెంట్ ఒకటి చూపమని అడగడం మంచిది. అంచులు ఖాళీగా ఉంటే ఆలోచించుకోవలసిందే. మా బృందంలో ఒకరు మొన్న ఈ కోర్సు గురించి అడిగినప్పుడు, మొదటి రెండు భాగాలను విడిగా తీసుకునే వీలుందేమో కనుక్కోమన్నాను.