రైషెన్‌బర్గ్, ఓకా: మనిషిని కూర్చోబెట్టిన రెండు బాంబులు
1944లో జర్మనీ తన వీ-1 ఎగిరే బాంబులో సీటు అమర్చి రైషెన్‌బర్గ్ తయారుచేసింది. పైలట్ చివర్లో పారాచూట్‌తో దూకేయొచ్చన్నారు. కానీ కాక్‌పిట్ మూత సరిగ్గా ఇంజన్ నోటి కిందే ఉంది, దూకి బతకడం దాదాపు అసాధ్యం.

జపాన్ ఓకాలో ఆ మాట కూడా లేదు. ముక్కులో 1,200 కిలోల బాంబు, తోకలో మూడు రాకెట్లు. బాంబర్ కడుపు కింద వేలాడే ఆ చిన్న విమానంలోకి కుర్రాడు గాల్లోనే దిగి కూర్చునేవాడు. తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. రేంజ్ సుమారు 37 కిలోమీటర్లే, అందుకే అంత దగ్గరికి మోసుకెళ్లేలోపే బాంబర్లు అమెరికా ఫైటర్లకు చిక్కేవి. 1945 మార్చి 21న తొలి దాడిలో అన్నీ కూలిపోయాయి. ఏప్రిల్ 12న మాత్రం ఒకినావా దగ్గర ఓకా ఒక అమెరికన్ డిస్ట్రాయర్‌ను ముంచింది.

రైషెన్‌బర్గ్ అసలు యుద్ధానికే వెళ్లలేదు. వెర్నర్ బౌంబాఖ్ అనే వైమానిక అధికారి పట్టుబట్టి ఆపించాడు.