సమ్నర్ కోర్టు హాలు, నది ఒడ్డున బోర్డు

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని టల్లాహాచీ కౌంటీకి వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట: సమ్నర్ కోర్టుతో మొదలుపెట్టండి. మేం అలా చేయలేదు.

1955 ఆగస్టులో షికాగో నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ని ఈ ప్రాంతంలోనే చంపేశారు. పత్తి జిన్నింగ్ ఫ్యాన్‌ను ముళ్లతీగతో మెడకు కట్టి నదిలో పడేశారు.

ముందురోజు రాత్రి గ్రీన్‌వుడ్‌లో హైవే పక్క మోటల్‌లో ఉన్నాం. గదంతా సిగరెట్ కంపు, మార్చమంటే వేరే గది లేదన్నారు. ఈసారి వెళ్తే క్లార్క్స్‌డేల్‌లోనే దిగుతాం, అక్కణ్నుంచి సమ్నర్ దగ్గర కూడా. పొద్దున్నే మనీ అనే ఊళ్లో తెల్లావిడను చూసి ఆ పిల్లవాడు ఈల వేశాడంటూ గొడవ మొదలైన కిరాణా కొట్టు చూశాం. కూలిన గోడలు, తీగలు, 2011లో పెట్టిన బోర్డు. పది నిమిషాల్లో అయిపోయింది.

గ్రాబాల్ ల్యాండింగ్‌కు మట్టిరోడ్డు. వాన పడితే చిన్న కారుతో వెళ్లకండి. శవం దొరికిన చోటుగా చెప్పే ఈ నది ఒడ్డున 2008లో బోర్డు పెడితే ఎత్తుకెళ్లారు. తర్వాత పెట్టినవాటిని తుపాకులతో కాల్చారు. తూట్లు పడ్డ బోర్డొకదాన్ని 2021లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. 2019లో పెట్టిన నాలుగోది 500 పౌండ్ల బరువు, తూటా దిగనంత దళసరి స్టీలు. దాని అంచు మీద వేలు పెట్టి చూశాను, అంగుళం పైనే ఉంది. చనిపోయిన పిల్లవాడి పేరుకు ఇంత కాపలా కావాల్సి వచ్చిందే అని కడుపు తరుక్కుపోయింది.

సమ్నర్‌లో ఎమ్మెట్ టిల్ ఇంటర్‌ప్రెటివ్ సెంటర్ వాళ్ల టూర్ ముందే బుక్ చేసుకోవాలి. మా గైడ్ తొందరపెట్టకుండా ఓపిగ్గా చెప్పారు. ఆ హత్య కేసు విచారణ జరిగిన కోర్టు హాలును 1955లో ఉన్నట్టే బాగుచేశారు. పిల్లవాడి పెదతాత మోజ్ రైట్ లేచి నిలబడి ఇద్దరు తెల్లజాతి నిందితుల వైపు వేలు చూపించింది ఈ గదిలోనే. పన్నెండుమంది తెల్లవాళ్ల జ్యూరీ గంటకు కాస్త అటూ ఇటుగా తేల్చేసి ఇద్దరినీ వదిలేసింది. 2007లో కౌంటీ చెప్పిన క్షమాపణ కాగితాన్ని గైడ్ మా చేతికిచ్చి, పైకి చదవమన్నారు. మా పెద్దమ్మాయి సగం చదివి ఆగిపోయింది. మిగతాది నేను చదివాను.

తిండికి చోట్లు తక్కువ. పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి సరిపోయింది. కోర్టుకు మాత్రం సగం రోజు ఉంచుకోండి. మాకు రెండు గంటలే మిగిలాయి, చాల్లేదు.