ఈథర్స్ 6వ వెర్షన్: టోకెన్ డేటా చదవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఈథరీయం, దాని పద్ధతిలోనే నడిచే పాలిగాన్, ఆర్బిట్రమ్, బేస్ లాంటి నెట్‌వర్క్‌ల నుంచి జావాస్క్రిప్ట్‌లో డేటా తెచ్చుకోవాలంటే ఇప్పుడు గట్టిగా నిలబడ్డ ప్యాకేజీలు రెండే: ఈథర్స్, వియెమ్. ఒకప్పుడు అందరూ వాడిన వెబ్3.జేఎస్‌ నిర్వహణను 2025 మార్చిలో ఆపేశారు కాబట్టి కొత్త ప్రాజెక్టులో దాని జోలికి పోనక్కర్లేదు. ఈ రివ్యూ ఈథర్స్ 6 గురించి, అదీ చదివే పని వరకే: బ్యాలెన్స్‌లు, టోకెన్ వివరాలు, బదిలీల చరిత్ర.

ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క ఎన్‌పీఎం కమాండ్ చాలు. చిక్కల్లా నెట్‌లో దొరికే పాత కోడ్‌తోనే. 2023లో వచ్చిన 6వ వెర్షన్ చాలా పేర్లు మార్చేసింది. 'ఈథర్స్.ప్రొవైడర్స్', 'ఈథర్స్.యుటిల్స్' అనే గూళ్లు తీసేసి అన్నీ పైకి తెచ్చారు. వెబ్3ప్రొవైడర్ కాస్తా బ్రౌజర్‌ప్రొవైడర్ అయింది, బిగ్‌నంబర్ పోయి జావాస్క్రిప్ట్ సొంత బిగ్‌ఇంట్ వచ్చింది. పాత కోడ్ తెచ్చి అతికిస్తే 'అన్‌డిఫైన్డ్‌లో జేసన్‌ఆర్‌పీసీప్రొవైడర్ చదవలేం' అనే ఎర్రర్ మొదటి లైన్లోనే పలకరిస్తుంది. అది వచ్చిందంటే ఆ కోడ్ 5వ వెర్షన్‌దని అర్థం.

కనెక్షన్ దగ్గర రెండు దారులున్నాయి. గెట్‌డిఫాల్ట్‌ప్రొవైడర్ అందరూ పంచుకునే కీలతో నడుస్తుంది, సరదాగా ప్రయత్నించి చూడటానికి తప్ప పనికిరాదు. సొంత ఆర్‌పీసీ యూఆర్ఎల్ (నోడ్‌కి, అంటే నెట్‌వర్క్ డేటాను ఉంచుకునే కంప్యూటర్‌కి, ప్రశ్నలు పంపే చిరునామా) ఇచ్చి జేసన్‌ఆర్‌పీసీప్రొవైడర్ తయారు చేసుకోవడమే సరైన పద్ధతి. అయితే దీని డిఫాల్ట్ ప్రవర్తన ఒకటి చిరాకు తెప్పిస్తుంది. యూఆర్ఎల్ తప్పయినా, నోడ్ పడిపోయినా గెట్‌బ్యాలెన్స్ లాంటి కాల్ ఎర్రర్ ఇచ్చి ఆగదు. నెట్‌వర్క్‌ను గుర్తించలేకపోయానని లాగ్‌లో రాస్తూ సెకనుకోసారి మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. మన అవెయిట్ అక్కడే వేలాడుతుంది. సర్వర్‌లో ఇలా జరిగితే రిక్వెస్టులన్నీ కదలకుండా పేరుకుపోతాయి, ట్రై-క్యాచ్ పెట్టినా అందులోకి ఏదీ రాదు.

మందు ఏమిటంటే, ప్రొవైడర్ తయారు చేసేటప్పుడు చైన్ ఐడీ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) ఇచ్చి, మూడో ఆర్గ్యుమెంట్‌లో స్టాటిక్‌నెట్‌వర్క్‌ను ట్రూ చేయడం. ఈథరీయంకి ఐడీ 1, పాలిగాన్‌కి 137, బేస్‌కి 8453, సెపోలియా టెస్ట్‌నెట్‌కి 11155111. దీంతో నెట్‌వర్క్ వెతుకులాట ఉండదు, తప్పు జరిగితే ఎర్రర్ చేతికి వస్తుంది. కాకపోతే మీరు చెప్పిన ఐడీనే అది నమ్ముతుంది. పాలిగాన్ యూఆర్ఎల్‌కి 1 అని రాస్తే నోరెత్తదు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి 'ఈత్_చైన్‌ఐడీ' పంపి సరిచూసుకోవడం మంచిది.

టైమౌట్ సంగతీ చూసుకోవాలి. డిఫాల్ట్ 5 నిమిషాలు, వెబ్ పేజీకి అది మరీ ఎక్కువ. యూఆర్ఎల్ బదులు ఫెచ్‌రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ ఇచ్చి, దాని టైమౌట్‌ను 10,000 మిల్లీసెకన్లకు తగ్గించండి. రేట్ లిమిట్ (ఇంత సమయంలో ఇన్నే రిక్వెస్టులన్న పరిమితి) దాటి 429 ఎర్రర్ కోడ్ వస్తే ప్యాకేజీ తనే ఆగి ఆగి మళ్లీ పంపుతుంది. అందుకే లిమిట్ తగిలిన సంగతి ఎర్రర్‌గా కనబడదు, యాప్ నెమ్మదించినట్టు మాత్రమే కనబడుతుంది.

ఇంకోటి బ్యాచింగ్. 10 మిల్లీసెకన్ల లోపు వెళ్లే కాల్స్‌ను 100 వరకు మూటగట్టి ఒకే రిక్వెస్టుగా పంపుతుంది. మంచి ఆలోచనే, కానీ కొన్ని ఉచిత ఆర్‌పీసీలు ఇంత పెద్ద మూటను తీసుకోవు, కొన్ని అసలు బ్యాచే ఒప్పుకోవు. విడిగా పంపితే పనిచేసే కాల్స్ ప్రామిస్.ఆల్‌లో పెట్టగానే పగులుతున్నాయంటే అనుమానించాల్సింది దీన్నే. బ్యాచ్‌మ్యాక్స్‌కౌంట్‌ను 1 చేసి చూడండి.

అంకెల విషయంలో ఈథర్స్ 6 తీసుకున్న నిర్ణయం నూటికి నూరు పాళ్లు సరైనది. జావాస్క్రిప్ట్ నంబర్ ఖచ్చితంగా పట్టుకోగలిగే పూర్ణాంకం 9,00,71,99,25,47,40,991 దాకానే. ఒక ఈథర్ అంటే 10 ఘాతం 18 'వెయ్'లు (ఈథర్‌లో అతి చిన్న భాగం వెయ్), బ్యాలెన్స్ వచ్చేది ఈ వెయ్‌లలోనే. అంటే 0.01 ఈథర్ కూడా ఆ హద్దులో పట్టదు. బ్యాలెన్స్‌ను నంబర్‌గా మార్చి భాగిస్తే చివరి అంకెలు చడీచప్పుడు లేకుండా పోతాయి. బిగ్‌ఇంట్‌ను మామూలు నంబర్‌తో కలిపితే జావాస్క్రిప్ట్ అక్కడికక్కడే ఎర్రర్ విసురుతుంది, అది మన మేలుకే. జేసన్.స్ట్రింగిఫై మాత్రం బిగ్‌ఇంట్‌ను చూడగానే చేతులెత్తేస్తుంది. ఏపీఐ నుంచి పంపేటప్పుడు స్ట్రింగ్‌గా మార్చి పంపాలి, డేటాబేస్‌లోనూ ఫ్లోట్ కాలమ్ వద్దు.

టోకెన్ చదవడానికి పెద్ద ఏబీఐ ఫైల్ (టోకెన్‌ను నడిపే 'కాంట్రాక్ట్' అనే ప్రోగ్రామ్‌లోని ఫంక్షన్ల జాబితా) అక్కర్లేదు. నేమ్, సింబల్, డెసిమల్స్, బ్యాలెన్స్‌ఆఫ్ అనే నాలుగు ఫంక్షన్లను కాంట్రాక్టులు రాసే భాష సాలిడిటీలో రాసినట్టే నాలుగు లైన్ల స్ట్రింగులుగా ఇస్తే చాలు. ఈ ప్యాకేజీలో అన్నిటికన్నా ముచ్చటైన సౌకర్యం ఇదే. తప్పులు ఎక్కువగా డెసిమల్స్ దగ్గర దొర్లుతాయి. ఈథరీయంలో యూఎస్‌డీసీకి 6 దశాంశాలు, డబ్ల్యూబీటీసీకి 8, డైకి 18. యూఎస్‌డీసీ బ్యాలెన్స్ 2500000 అని వస్తే అది 2.5. దాన్ని ఫార్మాట్‌ఈథర్‌కి ఇస్తే 0.0000000000025 వస్తుంది, తెరమీద రెండు దశాంశాలకు కుదించగానే 0.00 అయిపోతుంది. డబ్బు మాయమైందని యూజర్ గగ్గోలు పెడతాడు. పోనీ 6 అని కోడ్‌లో రాసేద్దామా అంటే, బీఎన్‌బీ చైన్‌లో ఉన్న యూఎస్‌డీటీకి 18. ఫార్మాట్‌యూనిట్స్ వాడండి, డెసిమల్స్‌ను కాంట్రాక్ట్‌నే అడగండి. చైన్ ఐడీ, కాంట్రాక్ట్ అడ్రస్ రెండూ కలిపిన కీతో క్యాష్‌లో పెట్టుకోండి, సింబల్‌తో కాదు. యూఎస్‌డీసీ అని పేరు పెట్టుకుని ఎవరైనా టోకెన్ వదలొచ్చు.

'బ్యాడ్_డేటా' ఎర్రర్ వచ్చి అందులో విలువ 0ఎక్స్ అని ఉంటే, తొంభై పాళ్లు ఆ నెట్‌వర్క్‌లో ఆ అడ్రస్ దగ్గర కాంట్రాక్టే లేదు. గెట్‌కోడ్ పిలిస్తే అదే తేలుతుంది. విలువ ఉండి కూడా సింబల్ డీకోడ్ కాకపోతే అది పాతకాలపు టోకెన్ కావచ్చు. ఉదాహరణకు ఎంకేఆర్ అనే టోకెన్ స్ట్రింగ్ బదులు బైట్స్32 ఇస్తుంది. దాని కోసం రెండో ఏబీఐ లైన్ పెట్టుకుని డీకోడ్‌బైట్స్32స్ట్రింగ్‌తో విప్పుకోవాలి.

బదిలీల చరిత్రకు క్వెరీఫిల్టర్ ఉంది. వచ్చినవాటికి ఒక ఫిల్టర్, వెళ్లినవాటికి మరొకటి కావాలి, రెండూ ఒకే ఫిల్టర్‌లో ఇరికిస్తే తనకు తానే పంపుకున్న బదిలీలు మాత్రమే వస్తాయి. మొదటి బ్లాక్ నుంచి ఇప్పటిదాకా అని ఒకేసారి అడిగితే ఆర్‌పీసీ తిప్పికొడుతుంది. 2,000 బ్లాకుల ముక్కలుగా అడగండి, ఎర్రర్ వస్తే ముక్కను సగం చేయండి. ఈథరీయంలో 12 సెకన్లకో బ్లాక్ చొప్పున ఏడాదికి దాదాపు 26 లక్షల బ్లాకులు, అంటే ఒక్కో ఫిల్టర్‌కి 1,300 పైచిలుకు రిక్వెస్టులు. అన్ని టోకెన్లకూ కలిపి గెట్‌లాగ్స్ వాడితే ఎన్ఎఫ్‌టీ బదిలీలు కూడా వచ్చి పడతాయి, ఎందుకంటే ఎన్ఎఫ్‌టీల ప్రమాణమైన ఈఆర్‌సీ-721కీ ట్రాన్స్‌ఫర్ ఈవెంట్ హ్యాష్ అదే. లాగ్‌లో టాపిక్స్ (వెతకడానికి వీలుగా విడిగా ఉంచే విలువలు) మూడుంటే మామూలు టోకెన్, నాలుగుంటే ఎన్ఎఫ్‌టీ. ఈ బదిలీలను కూడి తీసివేసి బ్యాలెన్స్ లెక్కగట్టొద్దు. ఎస్‌టీఈటీహెచ్ లాంటి టోకెన్లలో బదిలీ లేకుండానే బ్యాలెన్స్ మారుతుంది.

పాత తేదీ నాటి బ్యాలెన్స్ కావాలంటే బ్లాక్‌ట్యాగ్ ఇవ్వొచ్చు, కానీ గెత్ (ఈథరీయం నోడ్ నడిపే సాఫ్ట్‌వేర్) వాడే మామూలు నోడ్ డిఫాల్ట్‌గా దాచుకునే స్థితి చివరి 128 బ్లాకులదే, పాతిక నిమిషాలంత. అంతకు ముందుది అడిగితే 'మిస్సింగ్ ట్రై నోడ్' అంటుంది. అప్పుడు పాత స్థితులన్నీ దాచుకునే ఆర్కైవ్ నోడ్ తప్పదు.

చాలామంది వెతికేదీ, ఇందులో లేనిదీ ఒకటుంది: ఈ అడ్రస్‌లో ఏయే టోకెన్లున్నాయో చెప్పే ఫంక్షన్. ప్రామాణిక జేసన్-ఆర్‌పీసీలోనే అలాంటి మెథడ్ లేదు, కాబట్టి ఏ ప్యాకేజీ అయినా చైన్ డేటాను ముందే వర్గీకరించి పెట్టుకునే ఇండెక్సర్ సర్వీసు మీద ఆధారపడాల్సిందే. తెలిసిన యాభై టోకెన్ల బ్యాలెన్స్ అడగడం అయితే వియెమ్‌దే పైచేయి. చాలా ప్రశ్నలను కలిపి పంపే మల్టీకాల్ అందులోనే ఉంది, యాభై ప్రశ్నలూ ఒకటి రెండు కాల్స్‌లోనే పోతాయి, ఒకటి విఫలమైనా మిగతావి వస్తాయి. ఈథర్స్‌లో మల్టీకాల్3 కాంట్రాక్ట్‌కి ఏబీఐ మీరే రాసుకోవాలి. టైప్‌స్క్రిప్ట్ గట్టిగా వాడేవాళ్లకీ వియెమే నప్పుతుంది. నాలుగైదు టోకెన్లు చూసే చిన్న స్క్రిప్టుకైతే ఈథర్స్ రాయడం తేలిక.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు అక్షరం అక్షరం చూడండి, లాక్ ఫైల్‌ను (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేది) రిపోలో ఉంచండి, సర్వర్‌లో 'ఎన్‌పీఎం సీఐ' వాడండి. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి పేరున్న ప్యాకేజీల్లోకే వాలెట్ అడ్రస్‌లు మార్చేసే కోడ్ చొరబడింది. ఆర్‌పీసీ కీని బ్రౌజర్ కోడ్‌లో పెడితే డెవలపర్ టూల్స్ తెరిచిన ఎవరికైనా కనబడుతుంది. దాన్ని మీ డొమైన్‌కి పరిమితం చేయండి, లేదా మీ సర్వర్ గుండా మళ్లించి అవసరమైన మెథడ్లను మాత్రమే వదలండి.