జర్మనీలో మొదటి ఏడాది: మనవాళ్ల ఫ్లాటా, జర్మన్‌లతో వేగేనా? ఏది మేలు?

అక్టోబరులో శీతాకాల సెమిస్టరు మొదలవుతుందనగా, జూలై, ఆగస్టు నెలల్లో, మాస్టర్స్ చదవడానికి జర్మనీ బయల్దేరుతున్న పిల్లలు నన్ను ప్రతి ఏడూ ఒకే ప్రశ్న అడుగుతారు. అక్కడ నలుగురు తెలుగువాళ్లు కలిసి తీసుకున్న ఫ్లాటులో చేరడం మంచిదా, లేక జర్మన్ విద్యార్థులు ఉండే ఇంట్లో ఒక గది తీసుకోవడం మంచిదా అని. ఈ రెండో ఏర్పాటును అక్కడ వేగే అంటారు. ఎవరి గది వారిది, వంటిల్లూ స్నానాల గదీ అందరివీ. నేను ష్టుట్‌గార్ట్‌లో మొదటి ఆరు నెలలు తెలుగువాళ్ల ఫ్లాటులోనూ, ఆ తరువాత రెండేళ్లు వేగేలోనూ ఉన్నాను. రెండింటిలోని సుఖమూ కష్టమూ తెలుసు కనుక, ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మూడో దారి కూడా ఉంది, అది విద్యార్థి సేవా సంస్థ నడిపే హాస్టలు గది. బయటి అద్దెలతో పోలిస్తే అది చౌక, కాగితాల చిక్కులూ తక్కువ. అయితే పెద్ద నగరాల్లో దానికి చాలా కాలం వేచి ఉండాల్సి వస్తుంది. అడ్మిషను చేతికి రాగానే దరఖాస్తు పెట్టండి, వస్తే ఆలోచించకుండా తీసుకోండి. రానివారికే మిగతా చర్చ.

ముందుగా డబ్బు. విద్యార్థి వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో (ముందే డబ్బు వేసి, నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 యూరోలు. అద్దె, ఆరోగ్య బీమా, తిండి, ప్రయాణం అన్నీ అందులోనే సర్దుకోవాలి. తెలుగువాళ్ల ఫ్లాటులో ఒక్కో గదిలో ఇద్దరు ఉంటారు, బియ్యమూ పప్పులూ బస్తాల లెక్కన కొంటారు, కాబట్టి నెల చివర చేతిలో మిగిలేది స్పష్టంగా ఎక్కువ. వేగేలో గదికి ఒక్కరే, అద్దె మొత్తం మీదే. రేడియో, టెలివిజన్ రుసుము నెలకు 18.36 యూరోలు మాత్రం ఇంటికి ఒక్కటే కనుక ఎక్కడున్నా పంచుకోవచ్చు. ఖర్చు ఒక్కటే కొలమానమైతే మనవాళ్ల ఫ్లాటే మేలు.

అయితే ఆ చౌక వెనుక ఒక ప్రమాదం ఉంది. జర్మనీలో కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. ఒప్పందంలో ఇద్దరి పేర్లే ఉన్న ఫ్లాటులో యజమానికి చెప్పకుండా నలుగురు ఉంటే, మిగిలిన ఇద్దరికీ ఆ సంతకం దొరకదు. సంతకం లేకపోతే నమోదు లేదు, నమోదు లేకపోతే పన్ను గుర్తింపు సంఖ్య తపాలాలో రాదు, నివాస అనుమతి పని ముందుకు కదలదు. నాకు మొదటి అయిదు వారాలు ఇదే జరిగింది. తపాలా పెట్టె మీద నా పేరు లేనందున నాకు వచ్చిన ఒక ఉత్తరం తిరిగి వెళ్లిపోయింది. అక్కడ ముఖ్యమైన వ్యవహారాలు ఇప్పటికీ చాలావరకు కాగితపు ఉత్తరాలతోనే నడుస్తాయి కనుక, పెట్టె మీద పేరు లేని మనిషి ఆ ఊళ్లో లేనట్టే లెక్క. అద్దె ఎంత అని అడగడానికి ముందు, అన్‌మెల్డుంగ్ చేసుకోనిస్తారా అని అడగండి. లేదు అంటే, అక్కడ సొంత అన్నయ్యే ఉన్నా ఆ ఇల్లు వద్దు.

తిండి విషయంలో వాదించడానికి ఏమీ లేదు. సాయంత్రం తరగతి ముగించుకుని, నవంబరు చలిలో తడిసి ఇంటికి వచ్చేసరికి, పొయ్యి మీద ముద్దపప్పు ఉడికి, వేడన్నం సిద్ధంగా ఉండడం ఎంత ఉపశమనమో, ఆ చలిలో తిరిగి వచ్చినవారికే తెలుస్తుంది. వేగేలో సాయంత్రం భోజనం చాలా ఇళ్లలో చల్లనిదే. రొట్టె, చీజు, దోసకాయ ముక్కలు. వండుకోవద్దని ఎవరూ అనరు, కానీ వంట మొత్తం మీ ఒక్కరి పని అవుతుంది. తాలింపు వేసిన మొదటి రోజే వసారాలోని పొగ అలారం మోగి, ఇద్దరు గదుల్లోంచి పరుగెత్తుకొచ్చారు. నేను సిగ్గుతో వారం రోజులు బ్రెడ్డు తిని గడిపాను. చివరికి అందులో ఒక అమ్మాయే అడిగింది, ఎందుకు వండుకోవడం మానేశావని. వంటింటి తలుపు మూసి, కిటికీ బార్లా తెరిచి తాలింపు వేయాలని, వాసన పట్టకుండా కోట్లు వసారాలో కాకుండా గదుల్లో తగిలించుకోవాలని కలిసి నిర్ణయించుకున్నాం. ఆ తరువాత ఇబ్బంది రాలేదు. మన ఇంటి నుంచి నెయ్యి తీసుకెళ్లకండి, ఐరోపా సమాఖ్య బయటి నుంచి పాల పదార్థాలను ప్రయాణికులు తేకూడదు. బుటర్‌ష్మాల్ట్స్ అనే పేరుతో అక్కడి దుకాణాల్లో దొరికేది కాచి వడకట్టిన వెన్నే, పప్పన్నంలోకి చక్కగా సరిపోతుంది.

ఇక భాష. నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది దీని గురించే. తెలుగు ఫ్లాటులో ఉన్న ఆరు నెలల్లో నేను ఏ1 అనే తొలిమెట్టు జర్మన్ కోర్సు పూర్తి చేశాను, పరీక్షలో మంచి మార్కులూ వచ్చాయి, కానీ బేకరీలో రెండో ప్రశ్న వేస్తే జవాబు వచ్చేది కాదు. అందుకు కారణం వెతకనక్కర్లేదు. తరగతి ఆంగ్లంలో, ఇల్లు తెలుగులో, దుకాణంలో బిల్లు యంత్రం దగ్గర మాటే అవసరం లేదు. నేర్చుకున్న మాట నోటికి రావడానికి రోజులో అయిదు నిమిషాలు కూడా దొరికేవి కావు. వేగేకి మారిన మూడు నెలల్లో, పుస్తకం తెరవకుండానే, ఫ్రిజ్‌లో అర ఎవరిది, బట్టల యంత్రం ఎందుకు ఆగింది, ఈ వారం చెత్త వంతు ఎవరిది అనే మాటలు నోటికి వచ్చేశాయి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. జర్మన్‌లో దోఖ్ అనే చిన్న మాట ఉంది. పాఠ్యపుస్తకంలో అరపేజీ వివరణ చదివినా నాకు పట్టుబడలేదు. ఒక రాత్రి ఒకరు, చెత్త తీయలేదా అని అడిగితే, ఇంకొకరు ‘దోఖ్’ అని ఊరుకున్నారు. మన ఇళ్లలో అలాంటప్పుడు, ఎందుకు తీయలేదు, తీశాను అంటామే, ఆ ‘ఎందుకు తీయలేదు’ అంతా ఆ ఒక్క మాటలో ఉందని అప్పుడు అర్థమైంది. తెలుగుకూ జర్మన్‌కూ మధ్య వంతెన వేసుకోవడానికి ఆంగ్లం అక్కరలేదని తెలిసిన రోజది, నాకు ఆ దేశంలో కలిగిన మొదటి నిజమైన సంతోషం కూడా అదే.

ఇది కేవలం సంతోషం కోసం చెబుతున్నది కాదు. ఉద్యోగం వచ్చి బ్లూ కార్డు (పెద్ద చదువు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) తీసుకున్నవారికి, ఏ1 స్థాయి భాష ఉంటే 27 నెలల తరువాత, దానికి రెండు మెట్లు పైదైన బీ1 ఉంటే 21 నెలల తరువాతే శాశ్వత నివాస అనుమతికి అర్హత వస్తుంది. ఆ ఆరు నెలల తేడా కంటే పెద్దది, ఇంటర్వ్యూలో జర్మన్ మాట్లాడగలిగినవారికి తెరుచుకునే చిన్న కంపెనీల తలుపులు.

అయితే వేగేలో చేరిన ప్రతివారికీ భాష వచ్చేస్తుందని అనుకోవద్దు. అద్దె పంచుకోవడానికి మాత్రమే కలిసి, వారం రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోని వేగేలూ ఉన్నాయి. మీరు తడబడగానే మర్యాదగా ఆంగ్లంలోకి మారిపోయేవారూ ఉంటారు. రాత్రి భోజనం దగ్గర మాత్రం జర్మన్‌లోనే మాట్లాడమని నేను నోరు తెరిచి అడిగాను, వారు సంతోషంగా ఒప్పుకున్నారు. అడగకపోయి ఉంటే ఆ రెండేళ్లూ ఆంగ్లంలోనే గడిచిపోయేవి.

ఇరుగుపొరుగు నియమాలు రెండు చోట్లా ఒకటే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం, ఆదివారం రోజంతా నిశ్శబ్దం. ఆదివారం ఉదయం ఇడ్లీలోకి పచ్చడి కోసం మిక్సీ వేస్తే పక్కింటివారు తలుపు తట్టవచ్చు. అలాగే గాజు సీసాలను వీధిలోని డబ్బాలో ఆదివారం వేయకూడదు. తేడా అంతా వాటిని ఎలా తెలుసుకుంటామన్నదే. ష్టుట్‌గార్ట్ ప్రాంతంలో కేర్‌వోఖే అనే ఆచారం ఉంది. ఈ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు ఎవరిదో వారి తలుపుకు ఒక పలక తగిలిస్తారు. మా తెలుగు ఫ్లాటులో ఆ సంగతి నలుగురిలో ఒక్కరికీ తెలియదు. వారమంతా పలక మా తలుపుకు వేలాడినా మేం మెట్లు ముట్టుకోలేదు. ఆఖరికి కింది అంతస్తు పెద్దావిడ పైకి వచ్చి, చీపురు పట్టుకుని చేసి చూపించింది. మేం తప్పు దిద్దుకున్నాక, ఎదురుపడిన ప్రతిసారీ ఆమే ముందుగా ‘గ్రూస్ గాట్’ అని పలకరించేది. వేగేలో ఈ విషయాలు మొదటి రోజే చెప్పేశారు.

అలా ముఖం మీద చెప్పడం మొదట్లో నాకు బాధ కలిగించింది. నీ గిన్నె నిన్నటి నుంచి సింకులో ఉంది అని నవ్వకుండా అంటే, ఏదో కోపం ఉందనుకున్నాను. కోపం లేదు, అన్నవారు మరుక్షణమే టీ తాగుతావా అని అడుగుతారు. తెలుగు ఫ్లాటులో గిన్నెల సంగతి ఎవరూ ఎత్తరు. నెలల తరబడి మనసులో పెట్టుకుని, కరెంటు బిల్లు పంచుకునే రోజున అంతా ఒకేసారి బయటపెడతారు. వయసు కూడా అడ్డు వస్తుంది. అన్నా అని పిలిచిన సీనియరును గిన్నె కడగమని అడగడం మనకు చేతకాదు. జర్మన్‌లోనూ మనకు మల్లే మీరు, నువ్వు ఉన్నాయి. ఇంటి యజమానిని మీరు అంటారు, కానీ వేగేలో పందొమ్మిదేళ్లవారూ ముప్పయ్యేళ్లవారూ ఒకరినొకరు నువ్వు అనే అంటారు. ఆ నువ్వులో అగౌరవం లేదని నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒంట్లో బాగా లేనప్పుడు మాత్రం మనవాళ్లకు సాటి లేదు. డిసెంబరులో ష్టుట్‌గార్ట్‌లో నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. శీతాకాలంలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటారు కనుక, రాత్రి ఎనిమిదికి దిగులు పుట్టి ఫోను తీస్తే ఇంట్లో పన్నెండున్నర, అందరూ నిద్రలో ఉంటారు. ఆ జనవరిలో మూడు రోజులు జ్వరంతో పడుకుంటే, నా గదిలో ఉండే అబ్బాయి అడగకుండానే మిరియాల చారు పెట్టి, నేను తినేదాకా పక్కనే కూర్చున్నాడు. మరుసటి శీతాకాలం వేగేలో జ్వరం వస్తే, క్లినిక్కులు మూసి ఉన్న వేళల్లో వైద్యుల సాయానికి పిలిచే 116117 నంబరు రాసిన కాగితం, టీ ఫ్లాస్కు నా తలుపు బయట పెట్టి వెళ్లారు. మూసిన తలుపును తట్టకపోవడం అక్కడి మర్యాద. అదీ ప్రేమే, కానీ జ్వరంలో ఉన్నవారికి పక్కన మనిషి కావాలనిపిస్తుంది.

అందువల్ల నా అభిప్రాయం ఇది. భాష ఇంకా నోటికి రానివారు మొదటి ఆరు నెలలు, అన్‌మెల్డుంగ్ చేసుకోనిచ్చే తెలుగు ఫ్లాటులో ఉండడమే మేలు. ఆ శీతాకాలం దాటగానే వేగేకి మారడం మరీ మేలు. ఏడాది దాటితే సుఖం అలవాటై ఇక కదలరు, అలా కదలని మిత్రులను చాలామందిని చూశాను. ఇక్కడే బీ1 చదువుకుని వెళ్తున్నవారు మాత్రం నేరుగా వేగేలో చేరండి. శాకాహారులు భయపడనక్కరలేదు, మాంసం వండని వేగేలు చాలానే ఉన్నాయి, ప్రకటనలోనే రాస్తారు. అమ్మాయిలు మాత్రమే ఉండే వేగేలూ ఉన్నాయి.

శీతాకాల సెమిస్టరు తరగతులు ఫిబ్రవరిలో ముగుస్తాయి, ఏప్రిల్‌కు గదులు ఖాళీ అవుతాయి, కాబట్టి వెతకడం డిసెంబరులోనే మొదలుపెట్టండి. గది చూపించడానికి పిలిచి వేగేలో ఉండేవారు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. మీరూ అడగండి, కలిసి తింటారా, వంటింట్లో ఏ భాష మాట్లాడతారు, తాలింపు వాసనకు అభ్యంతరం ఉందా అని. గది కుదరగానే పాత ఇంటికి నోటీసు ఇవ్వాలి. గడువు లేని సాధారణ అద్దె ఒప్పందమైతే అది మూడు నెలలు. మార్చి ఆఖరుకు ఖాళీ చేయాలంటే జనవరి మూడో పనిదినం లోపల యజమాని చేతికి అందాలి, అదీ ఈమెయిలు కాదు, మీరు సంతకం చేసిన కాగితం.